అడుగుబరువు

"బ్యాలస్టు" అన్న మాటకు తెలుగు ఏమిటని వెదకబోయి, మాట సంగతి అలా ఉంచి దాని వెనక ఉన్న చరిత్రలో చిక్కుకున్నాను. ఆ చరిత్రలో కొంత మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

మా పడమటి ప్రకాశంవారికి ఈ మాట కొత్తది కాదు. నంద్యాల నుంచి నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా గుంటూరు పోయే రైలుమార్గంలో పట్టాల కింద పరిచే కంకరను రైల్వేవారు బ్యాలస్టు అంటారు. అయితే ఆ మాట పుట్టింది నేల మీద కాదు, నీళ్ళ మీద. ఓడ గాని పడవ గాని నిలకడగా ఉండడానికి దాని అడుగున వేసే బరువు పేరు అది. అమ్మే సరుకు కాదు, ఎక్కిన మనిషీ కాదు. బరువు కోసమే మోసే బరువు. ఇంతకన్నా మంచి మాట దొరికేదాకా దీన్ని "అడుగుబరువు" అని పిలుస్తాను.

సముద్రానికి ఆమడల దూరాన, వాన చుక్క కోసం ఆకాశం వంక చూసే సీమలో ఉన్నవారికి పడవ అడుగున ఏం వేస్తే ఏమిటన్న ప్రశ్న రావచ్చు. రావలసిందే. కాని ఈ బరువుకు ఒక గుణం ఉంది. అది పడవలో ఆగదు. రాయిగానో, గవ్వగానో, ఉప్పుగానో, నీరుగానో, చివరికి అలగానో ఒడ్డుకు చేరుతుంది. చేరినచోట ఎవరి బతుకునో తాకుతుంది. ఆ తాకిడి నల్లమల కనుమల దాకా కూడా వచ్చింది. చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

ముందుగా, మనకు వింతగా తోచే ఒక ఆటతో మొదలుపెడతాను. దానిపేరు వేక్‌బోర్డింగు. మోటారు పడవకు ఇరవై మీటర్ల పైచిలుకు తాడు కట్టి, ఆ తాడు కొస పట్టుకుని, కాళ్ళకు ఒక పలక బిగించుకుని మనిషి నీటి మీద జారుతూ వస్తాడు. పడవ గంటకు ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే దాని వెనక రెండు వైపులా నీరు గట్టులా లేస్తుంది. ఆ నీటిగట్టు ఎక్కి ఆటగాడు గాలిలోకి ఎగురుతాడు. 1980ల నడుమ కాలిఫోర్నియాలోనూ ఆస్ట్రేలియాలోనూ రూపు దిద్దుకున్న ఈ ఆట, 1990ల తొలినాళ్ళలో పలకల తయారీ మెరుగుపడ్డాక నిలదొక్కుకుంది. అమెరికాలో సరస్సుల ఊళ్ళలో కాపురముంటున్న మన తెలుగువారికి ఎండాకాలపు ఆదివారాలలో ఇది కళ్ళబడే దృశ్యమే.

ఈ ఆటకు పెద్ద అల కావాలి. చిన్న పడవ పెద్ద అలను లేపదు. తేలికైన పడవ వేగం అందుకోగానే నీటిని చీల్చడం మాని, నీటి మీదికి లేచి జారడం మొదలుపెడుతుంది. అప్పుడు దాని వెనక మిగిలేది పలుచని నురుగు గీత. పడవను కావాలని బరువెక్కిస్తే అది లోతుగా కూర్చుంటుంది, ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది. నెట్టిన నీరు మళ్ళీ కలిసేచోట అల ఎత్తుగా లేస్తుంది. ఆర్కిమిడీస్ చెప్పిన సూత్రమే ఇది: తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది. నాలుగు వందల కిలోల బరువు అదనంగా వేస్తే పడవ మరో నాలుగు వందల లీటర్ల నీటిని తొలగించి తీరాలి.

దేనితో వేయాలి ఆ బరువు? మొదట్లో ఆటగాళ్ళు స్నేహితులనే ఎక్కించుకున్నారు. తరువాత ఇసుక బస్తాలు, సిమెంటు దిమ్మలు, సీసపు గుళ్ళ సంచులు వచ్చాయి. ఆపైన నీటితో నింపే పెద్ద రబ్బరు సంచులు, ఇప్పుడు పడవలోనే అమర్చిన నీటి తొట్లు. ఒక్కొక్కదానికి ఎంత చోటు పడుతుందో లెక్క చూడండి. నాలుగు వందల కిలోలకు సీసమైతే 35 లీటర్ల చోటు చాలు. ఇనుమైతే 51 లీటర్లు. మన మార్కాపురం పలకరాయి అయితే ఇంచుమించు 150 లీటర్లు. పొడి ఇసుకైతే 250 లీటర్లు. నీరైతే సరిగ్గా 400 లీటర్లు. చోటు తక్కువ పట్టేది సీసమే అయినా అందరూ నీటినే ఎంచుకోవడానికి కారణం ఒకటే. నీటిని ఊరి నుంచి మోసుకు పోనక్కరలేదు, తిరిగి ఇంటికి తేనక్కరలేదు. చెరువులోనే తోడుకుని, ఆట ముగిశాక చెరువులోనే వదిలేయవచ్చు. ఈ సౌకర్యం వెనక ఒక చిక్కు ఉంది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం. ఎద్దుబండికి సరుకు ఎత్తినవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది. ముందు ఎక్కువైతే ఎద్దులు ముందుకు కుంగుతాయి. పడవా అంతే. వెనక బరువు పెంచితే అల ఎత్తుగా, నిటారుగా లేస్తుంది గాని పడవ ముందుభాగం పైకెగసి నడిపేవాడికి ఎదర ఏముందో కనిపించదు. ముందుకు కొంత జరిపితే అల పొడుగ్గా, నునుపుగా సాగుతుంది. మరీ జరిపితే పడవ ముక్కు ముంచి ఒక్కసారిగా నీరు లోపలికి తీసుకుంటుంది. కుడి ఎడమలు సమానంగా లేకపోతే ఒకవైపు అల నురుగై చెదిరిపోతుంది.

నీటితో మరో ప్రమాదం ఉంది. సంచి నిండా ఉన్న నీరు రాయిలాగే కదలక కూర్చుంటుంది. సగం నిండిన సంచిలో నీరు పడవ ఒరిగినవైపుకే పరుగెత్తి, ఒరుగును ఇంకా పెంచుతుంది. నిండుకుండ తొణకదని మన పెద్దలు మనుషుల గురించి అన్నారు గాని, ఓడల ఇంజనీర్లకు అది అక్షరాలా నియమం. అడుగు తొట్టిని నింపితే పూర్తిగా నింపాలి, తోడితే పూర్తిగా తోడాలి.

ఈ ఆట వయసు నలభై ఏళ్ళు. అడుగుబరువు వయసు వేల ఏళ్ళు. క్రీస్తుశకం రెండవ శతాబ్దపు చివర యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరకొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. మన చరిత్ర పుస్తకాలలో ఆ నాణెం బొమ్మ చూడనివారు ఉండరు. దాన్ని ఆంధ్రుల సముద్ర వాణిజ్యానికి గుర్తుగా చూడడం మనకు అలవాటు. మరొక రకంగా కూడా చూడవచ్చు. తెరకొయ్య నాటి తెరచాప ఎత్తగానే గాలి ఓడను నడపడమే కాదు, పక్కకు పడదోయాలనీ చూస్తుంది. ఆ తోపుకు ఎదురు నిలిచేది ఓడ అడుగున ఉన్న బరువు. సరుకు నిండుగా ఉంటే సరుకే ఆ పని చేస్తుంది. లేనినాడు రాళ్ళో ఇసుకో వేయాలి. తెరచాప ఓడ ఉన్నచోటల్లా దాని అడుగున, బొమ్మలో కనిపించని ఒక బరువు ఉండి తీరుతుంది.

ఆ బరువు చాలకపోతే ఏమవుతుందో స్వీడను రాజుగారి వాసా ఓడ చెబుతుంది. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవులో తొలి ప్రయాణానికి కదిలిన ఆ యుద్ధనౌక, రెండు అంతస్తుల నిండా ఫిరంగులతో, కొయ్య శిల్పాలతో మోయలేనంత పైబరువు ఎత్తుకుంది. అడుగున ఇంచుమించు 120 టన్నుల రాళ్ళు ఉన్నాయి. అవి చాలలేదు. పోనీ ఇంకా వేద్దామంటే, ఓడ మరింత కుంగి కింది అంతస్తు ఫిరంగి కిటికీలు నీటిని అంటేవి. మైలు దూరమైనా పోకముందే ఒక గాలి విసురుకు ఓడ ఒరిగింది, ఆ కిటికీలగుండా నీరు చొరబడింది, ఓడ మునిగింది. 1961లో దాన్ని పైకి తీశారు. బరువు అడుగున ఉంటే కాపలా, పైన ఉంటే పగ అన్న పాఠాన్ని ఇప్పటికీ స్టాక్‌హోం మ్యూజియంలో నిలబడి చెబుతూ ఉంది.

ఓడ మునిగినా ఒడ్డుకు కొట్టుకొచ్చినా దానిలోని వస్తువు ఎవరిది? ఈ ప్రశ్నకు మన తీరాన ఒక గొప్ప సమాధానం రాతి మీద చెక్కి ఉంది. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డున పడిన ఓడల సరుకును అంతకుముందు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను శుల్కం తప్ప తక్కినదంతా వర్తకులకే వదులుతున్నాననీ అందులో ఉంది. ఓడలోని బరువు ఒడ్డుకు చేరాక దానికి కొత్త యజమానులు పుట్టుకొస్తారని ఎరిగిన రాజు చేసిన ధర్మం ఇది.

ఇక అడుగుబరువుగా ఏమేమి వేశారో చూద్దాం. సరుకు దింపి ఖాళీగా తిరిగిపోయే ఓడకు రాళ్ళో మట్టో వేయాలి. వేసినందుకు కూలి దండగ, దించినందుకు మళ్ళీ దండగ. లండనుకు బొగ్గు దింపి న్యూకాసిల్‌కు ఖాళీగా తిరిగివచ్చే ఓడలు నదీతీరాన కుమ్మరించిన మట్టి, ఇసుక, రాళ్ళు గుట్టలై, ఆ గుట్టలకు బ్యాలస్టు కొండలనే పేరు స్థిరపడింది. ఈ దండగ ఎలాగూ తప్పనప్పుడు, రాళ్ళకు బదులు అమ్ముడుపోయే బరువైన వస్తువు ఏదైనా వేస్తే మేలు కదా అని వర్తకుడికి తోచడం సహజం. అక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది.

మాల్దీవుల గవ్వలు అలాంటి వస్తువు. చేతిలో చిల్లిగవ్వ లేదంటాం కదా, ఆ గవ్వ వట్టి మాటకు పుట్టింది కాదు. బెంగాలు, ఒరిస్సా సీమలలో అది నిజంగా చెల్లిన చిల్లర. 17, 18 శతాబ్దాలలో డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడలు తూర్పు నుంచి యూరపుకు తిరిగిపోతూ ఈ గవ్వలను అడుగుబరువుగా వేసుకున్నాయి. యూరపులో గవ్వతో ఏమీ కొనలేరు. కాని అక్కడి నుంచి అవే గవ్వలు పడమటి ఆఫ్రికా తీరానికి పోయాయి. అక్కడ అవి డబ్బు. ఆ డబ్బుతో కొన్న వాటిలో మనుషులు ఉన్నారు. హిందూ మహాసముద్రంలో ఓడ నిలకడ కోసం వేసిన బరువు, అట్లాంటిక్ ఒడ్డున మనిషి వెలగా మారింది.

మనకు మరింత దగ్గరిది ఉప్పు కథ. కంపెనీ బెంగాలులో 1772లోనూ, మద్రాసు రాజధానిలో 1805లోనూ ఉప్పు మీద గుత్తాధికారం స్థాపించుకుంది. కోరమాండల్ తీరాన పండిన ఉప్పు ఓడలెక్కి బెంగాలుకు పోయేది. అదే కాలంలో ఇంగ్లండులోని చెషైరు గనుల ఉప్పు లివర్‌పూల్ రేవులో గుట్టలుగా పడి ఉండేది. కలకత్తా నుంచి ఇంగ్లండుకు పోయే సరుకు బరువైనది, చోటు ఎక్కువ పట్టేది. ఇంగ్లండు నుంచి కలకత్తాకు వచ్చే బట్టలు, సామాన్లతో ఓడ నిండదు. నిండని ఓడకు అడుగుబరువు కావాలి. రాళ్ళకు బదులు ఉప్పు వేశారు. ఎలాగూ మోయవలసిన బరువే కాబట్టి దాని రవాణా ఖర్చు నామమాత్రం. వేల మైళ్ళు దాటి వచ్చిన ఉప్పు పక్క తీరపు ఉప్పుతో పోటీ పడగలిగిందంటే రహస్యం ఇదే. దానికి తోడు పార్లమెంటులో చెషైరు ఉప్పువారి పట్టుదల. 1863 నాటికి బెంగాలులో ప్రభుత్వపు ఉప్పు తయారీ ఆగిపోయింది. మన తీరపు ఉప్పుకు ఉన్న బెంగాలు బజారూ కుంచించుకుపోయింది. మలంగీలనే బెంగాలు ఉప్పు పనివాళ్ళ వృత్తి ఒక ఓడ అడుగు కింద నలిగిందంటే అతిశయోక్తి కాదు.

పడవ గురించి మొదలుపెట్టిన టపా నల్లమలకు వచ్చేది ఇక్కడే. మన తీరపు ఉప్పుకు మరొక బజారు ఉండేది, అది పడమర. గుంటూరు, నెల్లూరు తీరాల ఉప్పు లంబాడీల, పెరికల ఎద్దుల వీపున కంభం, గిద్దలూరు చేరి, నందికనుమ ఎక్కి నల్లమల దాటి కర్నూలు, బళ్ళారి సీమలకు పోయేది. తిరుగు దారిలో పత్తి దిగేది. ఉత్తరాన దోర్నాల వైపు మంత్రాలకనుమ కూడా అటువంటి దారే. గిద్దలూరు, కంభం, మార్కాపురం తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండడానికి ఈ కనుమ దారుల చరిత్ర తోడు. ఆ ఏడాది ఇవి ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది.

పెరిక అంటే ఎద్దు వీపున రెండు వైపులా వేలాడే గోనె. రెండు వైపులా సమానంగా నింపకపోతే కనుమ ఎక్కే ఎద్దు పక్కకు ఒరుగుతుంది. ఉప్పు ఓడ నుంచి ఎద్దుకు మారినా న్యాయం మారలేదు. ఓడలో వచ్చిన ఉప్పుకు దారి ఖర్చు లేదు. ఎద్దు మీద ఎక్కిన ఉప్పుకు అడుగడుగునా ఖర్చే, ఆపైన పన్ను. పంతొమ్మిదవ శతాబ్దం చివరి పాదంలో నల్లమలను తొలుచుకుని రైలు వచ్చింది, ఎద్దుల బారులు కనుమ దారి వదిలాయి. ఉప్పు పన్ను మాత్రం నిలిచింది. 1930లో ఒంగోలు దాపున దేవరంపాడు శిబిరం నుంచి ప్రకాశం పంతులుగారూ కొండా వెంకటప్పయ్యగారూ ఉప్పు సత్యాగ్రహం నడిపిన సంగతి మనకు తెలిసిందే. ఆ సత్యాగ్రహానికి మూలం గుత్తాధికారం, పన్ను. కాని ఆ గుత్తాధికారపు చరిత్రలో ఒక పుట, ఓడలలో రాళ్ళకు బదులు వేసిన ఉప్పుది.

ఇక రాళ్ళ కాలం పోయి నీటి కాలం వచ్చింది. ఓడలు ఇనుపవి అయ్యాక, 1850ల నుంచి ఇంగ్లండులో బొగ్గు మోసే ఆవిరి ఓడల అడుగున తొట్లు కట్టి సముద్రపు నీటినే బరువుగా నింపడం మొదలైంది. కూలి లేదు, గుట్టలు లేవు. పంపు తిప్పితే నిండుతుంది, తిప్పితే ఖాళీ అవుతుంది. అందరూ సంతోషించారు. అయితే రాయి ఊరికే రాయి. నీరు ఊరికే నీరు కాదు. అందులో గుడ్లు, పిల్లలు, నాచు, సూక్ష్మజీవులు అన్నీ ఉంటాయి. ఒక రేవులో నింపి మరో రేవులో వదిలితే ఆ జీవులన్నీ దిగుతాయి.

దీనికి మన విశాఖపట్నమే సాక్ష్యం. అమెరికా ఖండపు ఉష్ణజలాలకు చెందిన, నల్లచారల చిన్న ఆలుచిప్ప ఒకటి 1967లో విశాఖ రేవులో కనిపించింది. మైటిలాప్సిస్ సల్లేయి అని దాని శాస్త్రీయ నామం. ఇటువంటి జీవులు ఓడ అడుగుకు అంటుకుని వస్తాయి, లేదా అడుగున మోసిన నీటిలో వస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు జీవశాస్త్రవేత్తలు దాని గురించి 1971లో ప్రకటించారు. పడవల అడుగుల మీద, రేవు గోడల మీద, గొట్టాల లోపల అది దట్టంగా పేరుకుని స్థానిక జీవులకు చోటు లేకుండా చేసింది. 1988లో అమెరికా, కెనడాల నడుమ ఉన్న మహాసరస్సులలో బయటపడిన జీబ్రా ఆలుచిప్పది ఇదే కథ. అది యూరపు ఓడల అడుగునీటిలో వచ్చింది. ఓడల అడుగునీటిని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరి, 2017 సెప్టెంబరు 8న అమలులోకి వచ్చింది. విశాఖ అనుభవం నుంచి చూస్తే యాభై ఏళ్ళ ఆలస్యం.

ఇప్పుడు ఆ నీటి సంచుల చిక్కు దగ్గరికి వద్దాం. శనివారం ఒక సరస్సులో, ఆదివారం మరొక సరస్సులో అల లేపే చిన్న పడవ, తన తొట్టి అడుగున ఎప్పుడూ కొంత నీరు మిగుల్చుకుని పోతుంది. పంపు ఎంత తోడినా చివరి లీటర్లు రావు. మహాసముద్రం దాటి వచ్చిన జీబ్రా ఆలుచిప్ప, మహాసరస్సు నుంచి ఊరి సరస్సుకు ఈ దారిలో పోతుందన్న భయం అమెరికాలో గట్టిగా ఉంది. వేడినీటితో తొట్లు కడగాలనీ, ఆరబెట్టాలనీ అక్కడి పడవలవారికి హెచ్చరికలు అందుకే. చోటు ఎక్కువ పట్టినా మోయనక్కరలేని బరువని నీటిని ఎంచుకున్నాం గదా. దాని అసలు ఖర్చు ఇలా మరో చెరువు చెల్లిస్తుంది.

బరువు ఎక్కువైన పడవ సంగతి వేరే చెప్పాలి. పాడుబడిన ఓడలలో మోయలేనంత సరుకు ఎక్కించి, బీమా డబ్బు కోసం నావికుల ప్రాణాలతో ఆడుకుంటున్నారని శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఇంగ్లండులో పెద్ద పోరాటం చేశాడు. 1876 చట్టం ఓడ పక్కన బరువు గీత వేయడాన్ని తప్పనిసరి చేసింది. ఆ గీత ఎక్కడ వేయాలో చట్టం నిర్ణయించడానికి 1890 దాకా పట్టింది. ఈలోపు గీతను తమకు నచ్చినచోట వేసుకున్న యజమానులు ఉన్నారు. అమెరికాలో 1972 నుంచి ఇరవై అడుగుల లోపు మోటారు పడవలకు ఎంత బరువు, ఎందరు మనుషులు అన్నది తెలిపే రేకు బిగించాలి. ఆటగాడు వేసే నీటి సంచి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నాలుగు వందల కిలోల సంచి వేసినవాడు ఆరుగురు మనుషులను ఎక్కించుకున్నట్టే.

మన దగ్గర ఈ లెక్క తప్పినందుకు ఒంగోలు ఏడ్చింది. 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం నాడు, విజయవాడ దాపున ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వెళ్ళినవారు. పట్టదగినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించుకున్న పడవ అది. మనిషి కూడా పడవకు ఒక బరువే. పైగా కూర్చున్నచోట కూర్చోని బరువు. ఏదైనా చూడాలని అందరూ ఒకవైపుకు లేచారంటే సగం నిండిన సంచిలో నీరు ఒకవైపుకు పరుగెత్తినట్టే. పుట్టిలో ఎక్కినవాణ్ణి నడిపేవాడు మొదట కూర్చోమనేది అందుకే. వెదురు బుట్టలాంటి ఆ పుట్టికి వేరే అడుగుబరువు లేదు. నిలబడక కూర్చున్న మనిషే దానికి అడుగుబరువు.

చివరికి అల సంగతి. ఆటగాడు దాటి పోయిన అల ఆగదు, ఒడ్డుకు పోతుంది. 2022లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు, బరువెక్కించి పెద్ద అలలు లేపే ఈ కొత్తరకం పడవలను కొలిచి చూశారు. మామూలు పడవ అల రెండు వందల అడుగుల దూరంలో ఎంత తగ్గుతుందో అంత తగ్గడానికి వీటి అలకు ఐదు వందల అడుగులు, అంతకు మించి కావాలని తేల్చారు. వెర్మాంటు రాష్ట్రం 2024 నుంచి ఇటువంటి పడవల అలల ఆటను ఒడ్డుకు ఐదు వందల అడుగుల లోపలా, ఇరవై అడుగుల లోతు లేనిచోటా నిషేధించింది.

ఐదు వందల అడుగులన్నది విన్నప్పుడు నాకు కంభం చెరువు కట్ట గుర్తుకొచ్చింది. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ విజయనగరపు కాలంలో కట్టిన కట్ట అది. రాచకుమార్తె వరదరాజమ్మ కట్టించిందని ప్రసిద్ధి. ఎత్తు యాభై ఏడు అడుగులు. దానికి దక్షిణాన, గిద్దలూరు దాటి పోతే వచ్చే పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. భాస్కర భవదూరుడు ఆ చెరువును రోజుకు వెయ్యిమంది కూలీలతో, రాళ్ళు మోసే నూరు బండ్లతో, రెండేళ్ళపాటు కట్టించాడని అందులో చెక్కారు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలలో దగ్గరలో రాతిగని ఉండాలన్నది ఒకటి; ఆరు దోషాలలో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి. 2020లో ఈ రెండు చెరువులకూ అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మట్టికట్టకు నీటివైపు రాతి పరుపు ఎందుకు వేస్తారు? అల కోత నుంచి కాపాడడానికి. గాలి లేపే అలకే అంత రాయి పరిచిన పూర్వులు, వినోదం కోసం అల లేపే పడవను చూస్తే ముందుగా కట్ట ఎంత దూరమని అడిగేవారు.

అలా అని నేను ఆటకు విరోధిని కాను. మన జలాశయాలలో పడవ షికార్లు పెరుగుతున్నాయి; ఈ ఆటలూ ఏదో ఒకనాడు వస్తాయి. రానివ్వండి. వచ్చేనాటికి అడగవలసిన ప్రశ్నలు మన చరిత్రలోనే ఉన్నాయి. ఈ బరువు ఎంత? పడవలో ఎక్కడ ఉంది? దిగేటప్పుడు ఎక్కడికి పోతుంది? దీని అల ఎవరి ఒడ్డున విరుగుతుంది? మొదటి రెండూ పడవలో ఉన్నవారి ప్రాణానికి సంబంధించినవి, ఎవరైనా అడుగుతారు. చివరి రెండూ ఒడ్డున ఉన్నవారివి. గవ్వలు వేసినవారు, ఉప్పు వేసినవారు, నీరు నింపినవారు అడగనివి ఈ చివరి రెండే.

మాట సంగతి మాత్రం ఇంకా తేలలేదు. గోదావరి లంకలలో, కాకినాడ, బందరు రేవులలో, బకింగ్‌హాము కాలువ వెంట పడవ నడిపినవారి ఇళ్ళలో దీనికి ఏదో మంచి తెలుగు మాట ఉండే ఉంటుంది. మీ పెద్దల నోట విన్నవారు ఎవరైనా ఉంటే ఇక్కడ తెలియజేయండి. నా "అడుగుబరువు"ను సంతోషంగా దించేస్తాను.